ఫారిన్ కంపెనీకి లోకల్ డైరెక్టరుగా ఉండమంటున్నారు, ఒప్పుకోవచ్చా?

కంపెనీ వ్యవహారాలు: పాఠకుల ప్రశ్నలు, బెంగళూరు కంపెనీ సెక్రటరీ జవాబులు

బయటి దేశాల టెక్నాలజీ కంపెనీలు బెంగళూరుకి రావడం కొత్తేమీ కాదు. వచ్చేటప్పుడు వాళ్లకి ఇక్కడ ఒక మనిషి కావాలి. ఈ నెల ఉత్తరాలు చూస్తే ఆ మనిషి చాలాసార్లు మన తెలుగువాడే అవుతున్నాడు. మారతహళ్ళిలో ఉండే పాత కొలీగో, వైట్‌ఫీల్డులో ఉండే క్లాస్‌మేటో, సొంత అక్కో. ఒకరిని డైరెక్టరుగా ఉండమంటారు, ఇంకొకరిని ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసరు అంటారు, మరొకరిని ప్రతినిధి అంటారు. అందరూ అడిగింది ఒకటే: "రేపు నాకేమైనా అవుతుందా మేడం?" కొందరికి ఏమీ కాదు. కొందరికి అవుతుంది.

ప్రశ్న: మేడం గారికి నమస్కారం. నాతో పాటు పదేళ్ల కిందట పనిచేసిన ఒకాయన నెదర్లాండ్స్‌లో సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టుకున్నాడు. ఇప్పుడు బెంగళూరులో ప్రైవేట్ లిమిటెడ్ తెరిచి పన్నెండు మందిని తీసుకుంటాడట. "నువ్వు ఊరికే డైరెక్టరుగా ఉండు, సంతకాలు తప్ప పనేం లేదు, అక్కడి కంపెనీలో ఒక పర్సెంటు షేరిస్తా" అంటున్నాడు. నేను వేరే చోట ఉద్యోగం చేస్తున్నాను. మా ఆవిడ ససేమిరా వద్దంటోంది. ఏం చేయమంటారు? (మారతహళ్ళి నుంచి ఒక పాఠకుడు)

జవాబు: మీ ఆవిడ మాట కొట్టిపారేయకండి. అలాగని నేనూ వద్దని తేల్చేయను. ముందు ఆయనకి మీరు ఎందుకు కావాలో తెలుసుకోండి. 2013 కంపెనీల చట్టం ప్రకారం ప్రతి కంపెనీలోనూ కనీసం ఒక డైరెక్టరు ఆర్థిక సంవత్సరంలో 182 రోజులకు తక్కువ కాకుండా ఇండియాలో ఉండాలి. పౌరసత్వం అడగదు, మనిషి ఇక్కడ ఉంటే చాలు. మిగతా డైరెక్టర్లు ఆమ్‌స్టర్‌డామ్‌లో కూర్చున్నా అభ్యంతరం లేదు. నోటీసు ఇవ్వడానికి, పిలిచి అడగడానికి చేతికందే మనిషి ఒకరు ఉంటారన్నమాట. ఆ చేతికందేది మీరు.

ఇక "సంతకాలు తప్ప పనేం లేదు" అన్న మాట. ఆ సంతకాలు దేనిమీద పడతాయో మొదటి ఏడాది వరకైనా చూడండి.

కంపెనీ రిజిస్ట్రేషన్ పెద్ద ఇబ్బంది కాదు. అంతా ఆన్‌లైనే. దరఖాస్తు పరిశీలించేది మానేసర్‌లోని సెంట్రల్ రిజిస్ట్రేషన్ సెంటరు. కోరమంగల కేంద్రీయ సదన్‌లో ఉన్న మన రిజిస్ట్రార్ ఆఫీసు గుమ్మం తొక్కకుండానే నంబరు వచ్చేస్తుంది. విదేశీ డైరెక్టర్ల పాస్‌పోర్టులు, అడ్రస్ ప్రూఫులు, అక్కడి కంపెనీ తీర్మానం మాత్రం ఆ దేశంలోనే నోటరీ, అపోస్టిల్ (కాగితం అసలైనదేనని ఆ దేశ ప్రభుత్వం వేసే ముద్ర) చేయించి పంపాలి. రెండో షేర్‌హోల్డరుగా మీ పేరున ఒక్క షేరు రాస్తామంటారు, ఎందుకంటే ప్రైవేట్ లిమిటెడ్‌కి ఇద్దరు ఉండాలి. ఆ షేరు అక్కడి మనిషి పేరునే పెట్టించండి. మీకు ఎందుకు ఆ అదనపు డిక్లరేషన్ల గోల.

అసలు తలనొప్పి బ్యాంకు ఖాతా తెరిచాక మొదలవుతుంది. షేర్లు ఎవరి పేరున ఉన్నాయో డబ్బు వాళ్ల ఖాతా నుంచే రావాలి. మీ స్నేహితుడు తొందరలో సొంత ఖాతా నుంచో, ఏదో మనీ ట్రాన్స్‌ఫర్ యాప్ నుంచో కొట్టేస్తాడు. ఇక్కడి బ్యాంకుకి పంపినవాళ్ల పేరు ఒకటి, షేర్‌హోల్డరు పేరు ఇంకొకటి కనబడుతుంది. అవతలి బ్యాంకు నుంచి కేవైసీ రిపోర్టు తెప్పించండి, ఈ డబ్బు ఆయన ఎందుకు పంపాడో లెటరు ఇప్పించండి అంటుంది. ఆ బ్యాంకు వాళ్లకి మనం అడిగే ఫార్మాటు ఏమిటో తెలియదు. మెయిళ్లు అటూ ఇటూ తిరుగుతుంటాయి. ఈలోగా గడువులు దాటిపోతాయి. డబ్బు వచ్చిన 60 రోజుల్లో షేర్లు కేటాయించాలి, లేదంటే ఆపైన 15 రోజుల్లో వెనక్కి పంపాలి. కేటాయించిన 30 రోజుల్లో ఎఫ్‌సీ–జీపీఆర్ అనే ఫారం రిజర్వ్ బ్యాంకు పోర్టల్లో పెట్టాలి. ఆలస్యమైతే ఫీజు. షేరు డబ్బు అందిందని కంపెనీ పుట్టిన 180 రోజుల్లో రిజిస్ట్రారుకి డిక్లరేషన్ ఇవ్వాలి. అది ఇవ్వకుండా వ్యాపారం మొదలుపెట్టకూడదు. తప్పితే కంపెనీకి 50 వేలు, బాధ్యులైన అధికారులు ఒక్కొక్కరికి రోజుకు వెయ్యి చొప్పున లక్ష దాకా జరిమానా. ఆ రెండోది కంపెనీ డబ్బుతో కట్టేది కాదు, జేబులోంచి కట్టేది. ఏటా జులై 15 లోపు విదేశీ పెట్టుబడి లెక్క రిజర్వ్ బ్యాంకుకి పంపాలి, దాన్ని ఎఫ్ఎల్ఏ రిటర్ను అంటారు. ఆడిటర్లు కూడా మర్చిపోయే రిటర్ను ఇది.

పన్నెండు మంది అన్నారు కదా. పదిమంది గానీ అంతకు మించి గానీ ఉంటే లైంగిక వేధింపుల ఫిర్యాదులకు ఇంటర్నల్ కమిటీ ఉండాలి. సీనియర్ మహిళా ఉద్యోగి అధ్యక్షురాలు, బయటి సభ్యులు ఒకరు. కొత్త కంపెనీల్లో ల్యాప్‌టాప్‌లు, కాఫీ మెషీను, బీన్ బ్యాగులు ముందు వస్తాయి. కమిటీ మాత్రం ఎవరో ఫిర్యాదు చేసిన రోజున గుర్తొస్తుంది.

ఇప్పుడు ఒకబ్బాయి సంగతి చెప్తాను. మనవాడే, ఊరూ పేరూ వద్దు. ఇలాగే స్నేహితుల కోసం ఒక విదేశీ స్టార్టప్‌కి ఇక్కడ డైరెక్టరయ్యాడు. అతని డిజిటల్ సంతకం టోకెను, అదే నల్లటి పెన్‌డ్రైవ్ లాంటిది, అకౌంటెంటు సొరుగులో ఉండేది. పాస్‌వర్డు రాసిన చీటీ దానికి రబ్బరు బ్యాండుతో చుట్టి ఉండేది. ఏ కాగితం మీద తన సంతకం పడిందో అతనికి తెలిసేది కాదు. రెండో ఏడాదికి అక్కడివాళ్ల దగ్గర డబ్బు అయిపోయింది, మెయిళ్లకు జవాబు మానేశారు. ఫీజు రాని అకౌంటెంటు ఫైలింగులు మానేశాడు. వరసగా మూడేళ్లు లెక్కలు గానీ వార్షిక రిటర్నులు గానీ దాఖలు చేయని కంపెనీ డైరెక్టర్లకు ఐదేళ్ల అనర్హత పడుతుంది. పడింది. అతను భార్యతో కలిసి పెట్టుకున్న సొంత కంపెనీలో డైరెక్టరు పదవి పోయింది. ఇందులో ఒక విచిత్రం ఉంది. 2018లో అమల్లోకి వచ్చిన సవరణ తర్వాత, ఎగ్గొట్టిన ఆ కంపెనీలో కుర్చీ మాత్రం పోదు, మిగతా అన్ని కంపెనీల్లోనూ పోతుంది. వదిలించుకోవాల్సిన దాన్ని పట్టుకుని, కావలసినవన్నీ వదులుకోవాల్సి వచ్చింది. ప్రైవేట్ కంపెనీ నుంచి ఆదాయపు పన్ను వసూలు కాకపోతే ఆ కాలంలో డైరెక్టర్లుగా ఉన్నవాళ్ల నుంచి రాబట్టే అధికారం కూడా శాఖకి ఉంది. నా నిర్లక్ష్యం ఏమీ లేదని రుజువు చేసుకోవాల్సింది డైరెక్టరే.

అందుకని మీరు ఒప్పుకుంటే ఇలా ఒప్పుకోండి. టోకెను మీ దగ్గరే ఉండాలి, ప్రతి ఫైలింగు చదివాకే సంతకం. బ్యాంకు ఖాతా చూసే లాగిన్ మీకూ ఇవ్వాలి, డబ్బు పంపే అధికారం లేకపోయినా ఫర్వాలేదు. మీ తప్పు లేకుండా పడే ఖర్చులు, జరిమానాలు నెదర్లాండ్స్ కంపెనీయే భరిస్తుందని ఒప్పందం రాయించుకోండి, డైరెక్టర్ల ఇన్సూరెన్స్ తీసుకోమనండి. ఏడాది ఫైలింగ్ ఖర్చు ముందుగానే ఇక్కడి ఖాతాలో వేయించండి, మిగతా కాగితాలన్నిటికన్నా ఇది ముఖ్యం. మీ ఉద్యోగ ఒప్పందంలో బయటి డైరెక్టరు పదవికి అనుమతి కావాలని రాసి ఉంటుంది, దాదాపు అన్ని ఐటీ కంపెనీల్లోనూ ఉంటుంది, అది చదవండి. ఇక ఆ ఒక పర్సెంటు. ఇక్కడి సబ్సిడియరీ (అనుబంధ కంపెనీ) డైరెక్టరుకి అక్కడి కంపెనీ షేర్లు ఇవ్వడాన్ని 2022 నాటి ఓవర్సీస్ ఇన్వెస్ట్‌మెంట్ నిబంధనలు ఒప్పుకుంటాయి. కానీ ఆ షేర్లు పైసా సంపాదించకపోయినా మీ ఆదాయపు పన్ను రిటర్నులో విదేశీ ఆస్తుల షెడ్యూల్లో చూపించాలి. మర్చిపోతే బ్లాక్ మనీ చట్టం కింద 10 లక్షల పెనాల్టీ. స్థిరాస్తి కాకుండా విదేశీ ఆస్తుల మొత్తం విలువ 20 లక్షలు దాటకపోతే 2024 అక్టోబర్ నుంచి ఆ పెనాల్టీ లేదు గానీ, చూపించాల్సిన బాధ్యత అలాగే ఉంది.

ఇంకొక మాట. ఫీజు తీసుకుని రెసిడెంట్ డైరెక్టరుగా ఉండే ప్రొఫెషనల్స్ ఈ ఊళ్లో ఉన్నారు. వాళ్లు ఏడాదికి ఎంత అడుగుతారో మీ స్నేహితుణ్ణి కనుక్కోమనండి. మీ ఆవిడతో మాట్లాడేటప్పుడు ఆ అంకె పనికొస్తుంది.

ప్రశ్న: నేను వైట్‌ఫీల్డులో ఉంటూ అమెరికా కంపెనీకి కాంట్రాక్టరుగా కోడింగ్ చేస్తున్నాను. వాళ్లకి ఇండియాలో కంపెనీ లేదు. నెలకి ఇన్ని డాలర్లని నేరుగా నా ఖాతాలో పడతాయి. ఇప్పుడు వాళ్లు "ఇక్కడి కస్టమర్లతో కూడా నువ్వే మాట్లాడి డీల్స్ ఖాయం చెయ్యి" అంటున్నారు. ఇన్నాళ్లు లేని ఇబ్బంది ఇప్పుడేమైనా వస్తుందా? (ఒక పాఠకురాలు)

జవాబు: వస్తుంది, కానీ ముందు వాళ్లకి. మీరు ఇంట్లో కూర్చుని కోడ్ రాసి పంపినంత కాలం, చాలా సందర్భాల్లో అది వాళ్లకి సేవ అమ్మడమే. ఇక్కడి కస్టమర్లతో వాళ్ల తరఫున ఒప్పందాలు ఖాయం చేయడం అలవాటుగా సాగితే, వాళ్లకి ఇక్కడ 'పర్మనెంట్ ఎస్టాబ్లిష్‌మెంట్' ఉందని పన్ను శాఖ అనొచ్చు. అంటే ఆఫీసు లేకపోయినా మీరే వాళ్ల ఆఫీసు అయిపోతారు, ఇక్కడి లాభం మీద ఇక్కడ పన్ను కట్టమంటారు. ఈ సంగతి వాళ్ల సేల్స్ మేనేజరుకి తెలియదు, వాళ్ల ట్యాక్స్ లాయరుకి బాగా తెలుసు. కాబట్టి కొత్త పని గురించి మెయిల్ పెట్టి, మీ ట్యాక్స్ వాళ్లని అడిగి రాతపూర్వకంగా చెప్పండి అనండి. చాలాసార్లు ఆ మెయిలుతోనే ప్రతిపాదన ఆగిపోతుంది.

మీ వైపు చూసుకోవాల్సింది జీఎస్టీ. ఏడాదిలో బిల్లులు 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ తీసుకోవాలి. డాలర్లలో వస్తోంది కదా, ఎగుమతికి జీఎస్టీ లేదు కదా అని చాలామంది అసలు రిజిస్టరే కారు. ఎగుమతికి పన్ను కట్టనక్కర్లేదన్నది నిజమే. ఆ వెసులుబాటు వాడుకోవాలంటే రిజిస్టరై, ఏటా ఎల్‌యూటీ అనే అండర్‌టేకింగ్ ఇచ్చి, రిటర్నులు వేయాలి. డబ్బు వచ్చినప్పుడల్లా అది దేనికొచ్చిందో చెప్పే పర్పస్ కోడ్ బ్యాంకు అడుగుతుంది. కుటుంబ పోషణ అని టిక్కు కొట్టకండి, సాఫ్ట్‌వేర్ సేవల కోడే ఇవ్వండి. ఇన్వాయిసు ఒకటి చెప్పి బ్యాంకు కాగితం ఇంకొకటి చెబితే తర్వాత మీరే తంటాలు పడాలి.

ప్రశ్న: అక్కా, మా తమ్ముడు సింగపూర్‌లో ఉంటాడు. పిల్లలకు పద్యాలు, కథలు నేర్పే తెలుగు యాప్ చేశాడు, కంపెనీ అక్కడే ఉంది. ఇండియాలో తల్లిదండ్రులు సొంత వెబ్‌సైట్లో నెలనెలా చందా కడతారు. ఇక్కడ ఆఫీసు లేదు కాబట్టి పన్ను లేదనుకున్నాం. ఇప్పుడు ఎవరో ఆడిటరు 2 శాతం లెవీ కట్టాలన్నాడట. జీఎస్టీ కోసం నన్ను "ఇక్కడి ప్రతినిధి"గా పెడతానంటున్నాడు. పెట్టొచ్చా? (రాజాజీనగర్ నుంచి)

జవాబు: ఆ ఆడిటరు పాత నోట్సు చూసి చెప్పినట్టున్నాడు. ఇక్కడ ఆఫీసు లేని విదేశీ ఆన్‌లైన్ కంపెనీల మీద వేసిన పన్ను, ఈక్వలైజేషన్ లెవీ అంటారు, 2 శాతం 2020లో వచ్చింది, 2024 ఆగస్టు 1 నుంచి తీసేశారు. ఆన్‌లైన్ ప్రకటనల మీద 2016 నుంచి ఉన్న 6 శాతం కూడా 2025 ఏప్రిల్ 1తో పోయింది. దాని గురించి టెన్షన్ వద్దు.

జీఎస్టీ మాత్రం ఉంది. బయటి దేశం నుంచి ఇంటర్నెట్ మీద ఇక్కడి మామూలు వినియోగదారులకి సేవలమ్మితే మొదటి రూపాయి నుంచే 18 శాతం. మీకూ నాకూ ఉన్న 20 లక్షల మినహాయింపు వాళ్లకి లేదు. దీన్ని ఓఐడీఏఆర్ అంటారు, ప్రతినెలా 20వ తేదీలోగా జీఎస్టీఆర్–5ఏ రిటర్ను. మీరు రాజాజీనగర్ నుంచి రాశారు కాబట్టి ఒక ముచ్చట: ప్రపంచంలో ఏ మూల కంపెనీ అయినా ఈ రిజిస్ట్రేషన్ ఇచ్చే అధికారం 2017లో మన బెంగళూరు వెస్ట్ సెంట్రల్ ట్యాక్స్ ప్రిన్సిపల్ కమిషనరుకే అప్పగించారు. సియాటిల్ కంపెనీ అయినా సియోల్ కంపెనీ అయినా ఫైలు రావాల్సింది ఇక్కడికే. అదే యాప్ స్టోర్ ద్వారా అమ్మి, డబ్బు కూడా స్టోరే వసూలు చేస్తుంటే, చాలావరకు పన్ను బాధ్యత స్టోరుకి వెళుతుంది. మీ తమ్ముడు సొంత వెబ్‌సైట్లో అమ్ముతున్నాడు కాబట్టి అతనిదే.

ఇక మీరు ప్రతినిధిగా ఉండటం. చట్టం ఏమంటోందంటే, ఇక్కడ ఎవరూ లేని కంపెనీ పన్ను కట్టడానికి ఒకరిని నియమించుకోవచ్చు, అలా నియమించినవారు ఆ పన్నుకు బాధ్యులు. పోర్టల్లో ఫారం నింపే గుమాస్తా కాదు, పన్నుకే బాధ్యులు. తమ్ముడే కదా అని ఒప్పుకుంటే ఒప్పుకోండి, ఇంటి వ్యవహారం, నేను అడ్డు చెప్పను. కానీ వసూలైన చందాలో పన్ను భాగం ప్రతినెలా 20కి ముందే పక్కన పెట్టించండి. అమ్మకాల లెక్క మీరూ చూసేలా ఉండాలి. అక్కకి లెక్క చూపించడానికి తమ్ముడు నొచ్చుకుంటే, సంతకానికి అక్క నొచ్చుకోవడంలో తప్పు లేదు.

అసలు మీరు అడగనిది ఇంకొకటి ఉంది, పిల్లల డేటా. 2023 డిజిటల్ పర్సనల్ డేటా చట్టం సింగపూర్‌లో ఉన్న సర్వరుకీ వర్తిస్తుంది, ఇక్కడివాళ్లకి సేవలు అమ్ముతున్నందుకు. రూల్స్ 2025 నవంబరులో వచ్చాయి, ప్రధానమైన బాధ్యతలు పద్దెనిమిది నెలల తర్వాత, అంటే 2027 మే నుంచి. ఇందులో పిల్లలంటే 18 ఏళ్ల లోపు అందరూ. తల్లిదండ్రుల అనుమతి రుజువు చేయగలిగేలా తీసుకోవాలి. పిల్లల మీద ట్రాకింగు, వాళ్లని చూసి వేసే ప్రకటనలు కూడదు. పిల్లల విషయంలో తప్పితే 200 కోట్ల దాకా పెనాల్టీ ఉంది. చిన్న యాప్‌కి అంత వేస్తారని కాదు, గరిష్ఠం అంత పెట్టారంటే ఎంత గట్టిగా చూస్తారో అర్థం చేసుకోవచ్చు. మీ తమ్ముడి యాప్‌లో, వాడేవాళ్లు ఏం చేస్తున్నారో గమనించే విదేశీ అనలిటిక్స్ ముక్కలు ఏమేం ఉన్నాయో ఇప్పుడే చూసుకోమనండి. రాసినవాడికే గుర్తుండదు, ఏదో ఉచిత టూల్ అని పెట్టి ఉంటాడు. ఏ డేటా ఎందుకు తీసుకుంటున్నారో చెప్పే నోటీసు ఇంగ్లిషులో గానీ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలు భాషల్లో గానీ చదువుకునే వీలుండాలి. తెలుగు యాప్‌కి తెలుగు నోటీసు రాయడం కష్టం కాకూడదు.

ఆటో డెబిట్ గురించి కూడా ఒక ముక్క. 2021 అక్టోబర్ నుంచి రిజర్వ్ బ్యాంకు నియమాల ప్రకారం డబ్బు కోసే 24 గంటల ముందు కార్డుదారుకి బ్యాంకు నుంచి సమాచారం వెళ్లాలి. చందాలు ఉన్నట్టుండి ఆగిపోయాయని మీ తమ్ముడు గింజుకుంటే ఇదీ ఒక కారణం కావచ్చు. పేమెంట్ డేటా ఇండియాలోనే ఉంచాలన్న 2018 ఆదేశం మాత్రం అతని మీద కాదు, చెల్లింపుల వ్యవస్థ నడిపేవాళ్ల మీద. ఆ ఆదేశం పాటించలేదనే 2021 జులైలో మాస్టర్‌కార్డుని కొత్త కస్టమర్లని చేర్చుకోకుండా రిజర్వ్ బ్యాంకు ఆపింది. దాదాపు ఏడాది తర్వాత గానీ ఎత్తలేదు.

ప్రశ్న: నేను హెచ్ఎస్ఆర్ లేఅవుట్లో ఒక విదేశీ వీడియో యాప్ కంపెనీలో కస్టమర్ సపోర్ట్ టీమ్ లీడుని. వెబ్‌సైట్లో గ్రీవెన్స్ ఆఫీసరుగా నా పేరు, మెయిల్ పెడతామంటున్నారు. జీతం పెంచలేదు. పోలీసులు వస్తారా అని మా అమ్మ భయపడుతోంది. (పేరు వద్దన్నారు)

జవాబు: అమ్మని భయపడొద్దనండి, కానీ ఆఫీసులో ఒక ప్రశ్న అడిగి రండి: ఇండియాలో మీ యాప్‌కి రిజిస్టరైన వాడకందార్లు 50 లక్షలు దాటారా? 2021 ఐటీ రూల్స్‌లో అదే గీత. దాటని కంపెనీకి ఫిర్యాదులు తీసుకునే అధికారి ఒకరు ఉంటే చాలు, ఆ పని మీరు ఇప్పటికే చేస్తున్నదానికి దగ్గరగానే ఉంటుంది. దాటితే ఇండియాలో నివసించే ముగ్గురు కావాలి: కంపెనీ చట్టాన్ని పాటించేలా చూసే చీఫ్ కంప్లయన్స్ ఆఫీసరు, పోలీసులతో మాట్లాడే నోడల్ పర్సన్, రెసిడెంట్ గ్రీవెన్స్ ఆఫీసరు. వీళ్లలో కేసుల్లో వ్యక్తిగతంగా బాధ్యత వచ్చేది చీఫ్ కంప్లయన్స్ ఆఫీసరుకి. ఆ కుర్చీ సీనియర్ ఉద్యోగిదే కావాలని రూల్లోనే ఉంది. 2021లో ట్విట్టర్ ఆ పదవిలో కాంట్రాక్టు మనిషిని పెడితే ఢిల్లీ హైకోర్టు తప్పుపట్టింది, తర్వాత రెగ్యులర్ ఉద్యోగిని పెట్టారు. కాబట్టి రేపు "గ్రీవెన్స్‌తో పాటు కంప్లయన్స్ కూడా నువ్వే చూసుకో" అంటే అక్కడ ఆగండి.

మీకు నిజంగా ఇబ్బంది వచ్చేది అధికారం దగ్గర. ఫిర్యాదు అందిందని 24 గంటల్లో చెప్పాలి, పరిష్కారానికి గడువుంది, ప్రభుత్వ ఆదేశం మీద వీడియో తీసేయడానికి ఇంకా తక్కువ గడువుంది. వీటిని ప్రభుత్వం కుదించుకుంటూ వస్తోంది, తాజా గడువులు మీ లీగల్ టీమ్‌తో రాయించుకోండి. వీడియో తీసే బటన్ మీ చేతిలో ఉందా, లేక కాలిఫోర్నియాలో ఎవరినో నిద్రలేపాలా? పేరు బెంగళూరులో, బటన్ కాలిఫోర్నియాలో ఉంటే మీరు చేయగలిగేది క్షమాపణ మెయిళ్లు రాయడమే. హ్యాకింగు లాంటిది జరిగితే ఇంకా ఘోరం. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్–ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశం ప్రకారం గమనించిన 6 గంటల్లో దానికి తెలియజేయాలి. శనివారం మధ్యాహ్నం ఇక్కడ కనిపెడితే అక్కడ శుక్రవారం అర్ధరాత్రి. వాళ్ల లాయరు లేచి కాఫీ తాగేలోపు 6 గంటలు అయిపోతాయి. ఎవరినీ అడగకుండా మొదటి రిపోర్టు పంపే అధికారం ఇక్కడ ఒకరికి రాసి ఇవ్వాలి. ఈ ఆదేశం నచ్చక కొన్ని వీపీఎన్ కంపెనీలు, నార్డ్‌వీపీఎన్, ఎక్స్‌ప్రెస్‌వీపీఎన్ లాంటివి, ఇక్కడి సర్వర్లే ఎత్తేశాయి. అదీ ఒక దారే. ఇక్కడే ఉండి పాటించకపోవడం దారి కాదు. బ్లాకింగ్ ఆదేశాలు అమలు చేయకుండా జాప్యం చేసి తర్వాత సవాలు చేసిన ట్విట్టర్‌కి మన కర్ణాటక హైకోర్టు 2023 జూన్ 30న 50 లక్షల ఖర్చులు వేసి పంపింది.

జీతం సంగతి నా పరిధి కాదు గానీ, నియామక పత్రంలో ఈ బాధ్యత కలిపి రాయించుకోకుండా పేరు ఇవ్వకండి. కంపెనీ మానేసిన రోజున వెబ్‌సైట్ నుంచి పేరు తీసేయించే షరతు కూడా అందులోనే పెట్టించండి.

ప్రశ్న: మా బావగారు పనిచేసే జపాన్ కంపెనీ ఇందిరానగర్‌లో లియేజన్ ఆఫీసు పెట్టి, ముందు చిన్నగా సాఫ్ట్‌వేర్ లైసెన్సులు అమ్ముతుందట. తర్వాత కంపెనీగా మారుస్తారట. సరైనదేనా?

జవాబు: కాదు. లియేజన్ ఆఫీసు ఇక్కడ రూపాయి సంపాదించకూడదు. మాట్లాడొచ్చు, మార్కెట్ చూడొచ్చు, ఖర్చులన్నీ జపాన్ నుంచి రావాలి, ఏటా ఆడిటరు సర్టిఫికెట్ ఇవ్వాలి. అమ్మేది ఉంటే మొదటే ప్రైవేట్ లిమిటెడ్ పెట్టమనండి.

ప్రశ్న: డబ్బులు పెట్టి ఆడే ఆన్‌లైన్ కార్డ్ గేమ్ కంపెనీ, మాల్టాలో రిజిస్టరైంది. ఇండియా మార్కెటింగ్ హెడ్‌గా మంచి ప్యాకేజీ ఇస్తామంటున్నారు. కంపెనీ బయటిది కదా, నాకేం కాదంటున్నారు.

జవాబు: వద్దు. 2025 ఆగస్టు 22న ఆమోదం పొందిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టంలో డబ్బు ఆటలకు ప్రకటన ఇవ్వడం కూడా నేరమే, రెండేళ్ల జైలు, 50 లక్షల జరిమానా దాకా ఉంది. నడిపితే మూడేళ్లు, కోటి. ఇక్కడి పెద్ద కంపెనీలే డబ్బు ఆటలు మూసేశాయి. చట్టం మీద కోర్టుల్లో సవాళ్లు ఉన్నాయి, అవి తేలేవరకు మీరు ప్రయోగశాల కానక్కర్లేదు. కంపెనీ మాల్టాలో ఉంటుంది, మీరుండేది ఇక్కడ.

ప్రశ్న: మా విదేశీ కంపెనీ ఆఫీసు బోర్డు మీద కేవలం ఇంగ్లిషు లోగో ఉంది. హెడ్ ఆఫీసు వాళ్లు బ్రాండ్ గైడ్‌లైన్స్ మార్చేది లేదంటున్నారు. అడ్మిన్‌గా నాకేం చేయాలో తోచడం లేదు. (కోరమంగల)

జవాబు: వాళ్లకి 2024 కన్నడ భాషా సవరణ చట్టం పంపండి. వ్యాపార సంస్థల బోర్డులో 60 శాతం కన్నడ ఉండాలి, అదీ పైభాగంలో. విదేశీ బ్రాండ్లు కూడా ఈ ఊళ్లో తమ పేర్లు కన్నడంలో రాసుకున్నాయి. మీ వీధిలోనే ఫోటో తీసి మెయిలుకి జతచేయండి. అక్షరాలు రాయించేటప్పుడు గూగుల్ ట్రాన్స్‌లేట్‌ని నమ్మకండి, కన్నడం వచ్చిన కొలీగుకి ఒకసారి చూపించండి. కొత్త బోర్డు బిల్లు, ఫోటో రెండూ ట్రేడ్ లైసెన్సు ఫైల్లో పెట్టుకోండి, ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినప్పుడు వాటినే చూపించొచ్చు.